వంపు అంచు, తిన్నని అంచు: మంగలి కత్తి నడిచొచ్చిన దారి

మైలవరంలో ఏ సెలూన్‌లో కూర్చున్నా, మెడ చుట్టూ గుడ్డ కట్టాక వినిపించే చప్పుడు ఒకటే. కాగితం విప్పకుండానే బ్లేడును నిలువునా రెండుగా విరిచే 'టక్'. సగం బ్లేడు ఉక్కు పిడిలోకి వెళ్తుంది, మిగతా సగం మరొకరి కోసం పక్కన ఉంటుంది. ఆ అంచు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. పాత మంగలి కత్తులు తీసి చూడండి. వాటిలో చాలావాటి అంచు మధ్యలో కాస్త బయటికి ఉబికి, కొనకూ పిడికీ దగ్గర లోపలికి తగ్గుతుంది. ఆ వంపు ఎందుకు పుట్టింది, ఎందుకు పోయింది అన్నది వేల ఏళ్ల కథ. అందులో మన తెలుగు నేల ఉక్కుకూ చోటుంది.

మొదట పుట్టింది వంపే. ఈజిప్టు సమాధుల్లో దొరికిన కంచు క్షౌరకత్తుల్లో చిన్న గొడ్డలిలాంటి గుండ్రటి అంచున్నవి ఉన్నాయి. ఇటలీలో ఇనుప యుగం తొలినాళ్ల సమాధుల్లో అర్ధచంద్రాకారపు కత్తులు బయటపడ్డాయి. హరప్పా, మొహంజొదారో తవ్వకాల్లోనూ రాగి, కంచు క్షౌరకత్తులు దొరికాయి. క్షౌరకత్తి ప్రస్తావన ఋగ్వేదంలోనే ఉంది. వంపుకు ఒక కారణం పనివాడి సుత్తి. లోహపు అంచును పలచన చెయ్యడానికి కొడుతూ పోతే అది విసనకర్రలా విచ్చుకుని తనంతట తానే గుండ్రమవుతుంది. ఆ గుండ్రం గొరగడానికి పనికొచ్చింది కాబట్టి నిలిచింది.

ఎలా పనికొచ్చిందో మన ఇంటి కత్తిపీటే చెబుతుంది. మామిడికాయను దాని మీద నిటారుగా నొక్కితే కాయ మొరాయిస్తుంది. అదే కాయను అంచు వెంబడి లాగితే చెక్కు సాఫీగా తెగుతుంది. వెంట్రుక విషయంలోనూ అంతే. అంచు కొంచెం పక్కకు జారుతూ తగిలితే తక్కువ బలంతో తెగుతుంది. వంగిన అంచు ఆ పక్క జారుడును కొంతవరకు తనే తెచ్చుకుంటుంది. ఇంకో లాభం, అది ఒకసారికి కొద్దిచోటనే తాకుతుంది. దవడ కింద, గడ్డం మొన పక్కన, ముక్కు కింద తిన్నని అంచు రెండు చివర్లా ఆని మధ్యలో ఖాళీ వదిలేస్తుంది. ఉబికిన అంచు ఆ గుంటలోకి దిగుతుంది. అందుకే పాత పనివాళ్లు వంపును లోపంగా చూడలేదు.

ఆకారం కుదిరాక అసలు సమస్య లోహానిది. పదును నిలవాలంటే మంచి ఉక్కు కావాలి. ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో మూసలో ఉక్కు కరిగించే పద్ధతి పట్టుకున్నాక షెఫీల్డ్ ఊరి కత్తుల పేరు ఇంకా పెరిగింది. మూసలో ఉక్కు తీయడం మాత్రం మన కమ్మరులకు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఆ పనికి పేరున్న ఊరు. లాంబ్టన్ అనే ఇంగ్లీషు అధికారి మన దేశంలో చేపట్టిన భూకొలత సర్వేలో డాక్టరుగా, భూగర్భ పరిశోధకుడుగా ఉన్న హెన్రీ వాయిసీ అక్కడి కొలిమిని చూసి రాసిపెట్టాడు. అతను 1824లో చనిపోయాక, 1832లో ఆ వ్యాసం అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ వర్తకులు అంతదూరం నుంచి వచ్చి అక్కడ మకాం పెట్టేవారు.

లండన్‌లో మన ఉక్కు మీద మోజు పుట్టించింది బొంబాయి నుంచి వెళ్లిన కొన్ని ముద్దలు. వాళ్లు దాన్ని 'ఊట్జ్' అన్నారు. జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు 1795లో దాని మీద పరిశోధన పత్రం చదివాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే శస్త్రపరికరాల తయారీదారు దానితో కత్తులు చేసి, యూరప్‌లోని మేలైన ఉక్కు కన్నా ఇదే మేలని తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. ఆ తర్వాత ఆయనతో చెయ్యి కలిపినవాడు కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే. ఊట్జ్ రహస్యం పట్టాలని ఇద్దరూ ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూసి, 1820లోనూ 1822లోనూ ఫలితాలు ప్రకటించారు. 500 పాళ్ల ఉక్కులో ఒక పాలు వెండి కలిపిన ఉక్కు వాటిలో ఒకటి. ఫారడే తన ఉక్కుతో చేయించిన క్షౌరకత్తుల్ని స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. విద్యుత్తు చరిత్రలో ఆయన పేరు వెలగడానికి దాదాపు పదేళ్ల ముందు మాట ఇది.

ఉక్కు బాగుపడేకొద్దీ వంపు అంచుకు ఒక కష్టం వచ్చిపడింది. అది సానరాయి దగ్గర. కత్తి నూరేటప్పుడు పనివాడు కోణం కొలవడు. కత్తిని రాతి మీద పడుకోబెడతాడు. వీపూ అంచూ రెండూ రాతికి ఆనుతాయి, అంతే. వీపు మందం 6 మిల్లీమీటర్లు, కత్తి వెడల్పు 21 మిల్లీమీటర్లు ఉంటే అంచు కోణం 16 డిగ్రీల దగ్గర తనే కుదురుతుంది. ఏళ్ల తరబడి నూరి నూరి కత్తి సన్నబడినా వీపు కూడా అరుగుతుంది కాబట్టి కోణం పెద్దగా మారదు. రాతి మీద అంచు ముందు నడుస్తుంది, తోలు పట్టీ మీద తీడేటప్పుడు వీపు ముందు నడుస్తుంది. మలుపు దగ్గర వేళ్ల మధ్య కత్తిని వీపు మీదుగా తిప్పుతారు, అంచు మీదుగా కాదు.

తిన్నని అంచు అయితే బల్లపరుపు రాతి మీద ఒక్క ఊపులో మొత్తం నూరుకుంటుంది. వంపు అంచును మాత్రం పిడి వైపు నుంచి కొన దాకా దొర్లిస్తూ నూరాలి. ఎక్కడ చెయ్యి ఆగినా అక్కడ అరుగుతుంది. రాయి మధ్యలో గుంటపడితే తిన్నని అంచు కూడా మెల్లగా వంపు తిరుగుతుంది. కాబట్టి పాత కత్తుల వంపులో కొంత తయారీదారుడు ఇచ్చింది, కొంత అరిగిన రాయి ఇచ్చింది. అన్నిటికన్నా చెడ్డది దానికి ఎదురు వంపు. చెయ్యి మధ్యలోనే నొక్కి నొక్కి నూరితే అంచు లోపలికి గుంటపడుతుంది. అప్పుడు రెండు చివరలూ చర్మంలోకి గుచ్చుకుంటాయి, మధ్య భాగం వెంట్రుకను తాకదు. అలాంటి కత్తితో గొరగకూడదు.

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో జర్మనీలోని జోలింగెన్ పనివాళ్లు కత్తి రెండు పక్కల్నీ లోతుగా తొలిచి పలచన చేయడంలో ఆరితేరారు. అలా తొలిచిన కత్తి తేలిక, నూరడమూ తేలిక. తిన్నని అంచు, కొన దగ్గర చిన్న గుండ్రం, ఇదే మెల్లగా రివాజైంది. ఆ కొన గుండ్రం వంపు అంచు మిగిల్చిన గుర్తని నా అభిప్రాయం.

చివరి దెబ్బ ఫ్యాక్టరీ కొట్టింది. అమెరికాలో కింగ్ కాంప్ జిల్లెట్ నూరే పనే లేని బ్లేడును తలపెట్టాడు. పలచని రేకును పదునెక్కించే యంత్రాల్ని ఇంజనీరు విలియం నికర్సన్ సాధించాడు. 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంటు వచ్చింది. ఉక్కు రేకు బారుగా రాళ్ల మధ్య నుంచి సాగిపోతే తయారయ్యేది తిన్నని అంచే. తిన్నని అంచును గెలిపించింది సానరాయి, ఆ తర్వాత యంత్రం. ముఖాన్ని ఎవరూ అడగలేదు.

మన ఊళ్లలో నాయీబ్రాహ్మణులు పొదిలో కత్తి, సాన, తోలు పట్టీ పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, పంట వచ్చాక మేర కొలిపించుకునే రోజుల్లో నూరే కత్తే రాజ్యమేలింది. 1986లో చెన్నైలో దేశపు తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాతి ఏళ్లలో మనిషికో కొత్త బ్లేడు అన్న ప్రచారం పల్లెలకూ చేరింది. ఒకే కత్తితో అందరికీ గొరిగే పద్ధతి పోయి, సగం బ్లేడు బిగించే పిడి వచ్చింది. తిరుమల కల్యాణకట్టలో మన తలనీలాలు తీసేదీ అలాంటి తిన్నని అంచే. ఆ మార్పు ప్రాణాలకు మేలు చేసింది, దాన్ని వెనక్కి తిప్పకూడదు.

అయితే తల తిన్నగా లేదు, దవడా తిన్నగా లేదు. కల్యాణకట్టలో కూర్చున్నప్పుడు గమనించండి. తిన్నని బ్లేడు నడినెత్తి నుంచి చెవి వెనక్కి దిగేచోట మణికట్టు తిరుగుతుంది, కత్తి ఏటవాలుగా పడుకుంటుంది, ఎడమచేతి బొటనవేలు చర్మాన్ని లాగి పట్టుకుంటుంది. ఇనుము వదిలేసిన వంపును మనిషి చెయ్యి తీసుకుంది. చదువుకుంటే వచ్చే విద్య కాదది, ఏళ్ల తరబడి గొరిగితే వచ్చేది.

ఇంట్లో పాత కత్తితో గొరుక్కోవాలని ముచ్చటపడేవారికి నా సలహా ఇది. కొత్తగా మొదలుపెట్టేవారు తిన్నని అంచు, గుండ్రటి కొన ఉన్నదే తీసుకోండి, నూరడం సులువు. చెయ్యి తిరిగాక, తల గొరగడానికైతే వంపు అంచు ప్రయత్నించండి. లోపలికి గుంటపడిన కత్తిని మాత్రం బాగుచేయించకుండా ముఖం మీద పెట్టకండి. సెలూన్‌కు వెళ్లేవారు కొత్త బ్లేడు అడిగి మరీ వేయించుకోండి. ఆ పది నిమిషాల పనికి డబ్బుతో పాటు మర్యాద కూడా ఇవ్వండి.