అడవి పత్రిక - అడవి జనం

ఒక శాస్త్ర పత్రిక చరిత్ర రాసేటప్పుడు సంపాదకుని పేరు, తొలి సంచిక వెలువడిన ఏడు చెప్పి ఊరుకోవటం పరిపాటి. అంతకన్న ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నవి. ఆ పత్రిక ఎవరి అవసరం నుంచి పుట్టింది? ఎవరి అనుభవాన్ని విజ్ఞానంగా లెక్కలోకి తీసుకున్నది? జీవావరణ శాస్త్రాన్నీ, సుస్థిర అభివృద్ధినీ ధ్యేయంగా చెప్పుకొనే అంతర్జాతీయ పత్రికలు ఈనాడు అనేకం వెలువడుతున్నవి. కనుక వాటికి పూర్వరంగమనదగిన ఒక పత్రికను ఈ ప్రశ్నలతో పరిశీలించటం అవసరం. అది 1875లో మన దేశంలో ప్రారంభమైన 'ఇండియన్ ఫారెస్టర్'.

జీవావరణ శాస్త్రానికి హెకెల్ 1866లోనే పేరు పెట్టాడు. కాని ఆ శాస్త్రానికే అంకితమైన 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ' బ్రిటన్‌లో వెలువడింది 1913లో. అంతకు 38 ఏళ్ళ ముందే చెట్టు, నేల, వాన, నిప్పు - వీటి పరస్పర సంబంధాన్ని చర్చించే పత్రిక ఇక్కడ నడిచింది. 1874లో అలహాబాదులో అటవీ అధికారుల సభ జరిగింది. మరుసటి ఏడు, జర్మనీలో అడవి విద్య నేర్చి వచ్చిన విలియం ష్లిఖ్ సంపాదకత్వాన పత్రిక మొదలయింది. ఒక అధికారి పంజాబులో గమనించిన విషయం మరొక అధికారికి మద్రాసులో అందుబాటులోకి వచ్చింది. విడివిడిగా వున్న అనుభవం పోగుపడి శాస్త్రంగా మారే వీలు కలిగింది. ఈ మేలును కాదనటం చరిత్రకు న్యాయం కాదు.

అయితే ఆ శాస్త్రం కోరి తెచ్చుకున్నది ఎవరు? 1853లో బొంబాయి నుంచి ఠాణాకు 34 కిలోమీటర్ల రైలు దారి పడింది. 1900 నాటికి దేశంలో రైలు దారి సుమారు 25 వేల మైళ్ళకు పెరిగింది. పట్టాల కింద పరచే స్లీపర్లకోసం టేకు, సాల, దేవదారు అడవులు విచక్షణ లేకుండా కూలినవి. కలప కరువు వస్తుందన్న భయం పుట్టిన తరువాతే ప్రభుత్వానికి అడవి సంరక్షణ గుర్తుకు వచ్చింది. 1864లో అటవీశాఖకు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు బ్రాండిస్ అధిపతి అయినాడు.

'సుస్థిరం' అనే భావం పుట్టుక కూడా యిటువంటిదే. 1713లో సాక్సనీ గనుల అధికారి కార్లోవిట్జ్, పెరిగినంత మేరకే కలప నరకాలని ఒక గ్రంథం రాశాడు. వెండి గనుల కొలుములకు కట్టెలు చాలకపోవటం దానికి ప్రేరణ. అడవి నిలవాలి, నిజమే. నిలిచిన అడవి ఎవరికి దక్కాలి అన్నది ఆ లెక్కలో లేని అంశం. కలపను మాత్రమే కొలిచే శాస్త్రానికి మేకల మేత, వంటచెరకు, దుంపలు, ఇప్పపూలు ఫలితాలుగా కనిపించవు, నష్టాలుగా కనిపిస్తవి.

ఈ దృష్టికి శాసనం తోడయింది. అలహాబాదు సభ నివేదికను కూర్చినవారిలో ఒకడైన బేడెన్ పవెల్, అడవులపై రాజ్యానికే సంపూర్ణ హక్కు వుండాలని వాదించాడు. గ్రామాలకు కూడా అడవులు కేటాయించాలని బ్రాండిస్ కోరాడు. గ్రామస్థుల వాడుక హక్కులను తోసివేయటానికి వీల్లేదని మద్రాసు రెవిన్యూ బోర్డు అభ్యంతరం చెప్పింది. గెలిచింది బేడెన్ పవెల్ వాదం. 1878 చట్టంలో గ్రామ అడవులు చాలావరకు కాగితంమీదనే మిగిలినవి. కొంత పెనుగులాట తరువాత మద్రాసు ప్రభుత్వమూ 1882లో తన అటవీ చట్టాన్ని చేసింది.

దాని ఫలితం తెలుగువారికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. గూడెం, రంప కొండల్లో పోడు నేరమయింది. 1879-80 రంప తిరుగుబాటు వెనుక కల్లు పన్నుతోపాటు అడవి ఆంక్షలు కూడా వున్నవి. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవటానికి పోడుపై నిషేధం ఒక ముఖ్య కారణం. 1922లో పల్నాటిలో పశువుల మేతకు పుల్లరి కట్టబోమన్నందుకు కన్నెగంటి హనుమంతు కాల్పులకు బలి అయినాడు.

ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించాలి. ఇక్కడ పోడును నేరమన్న అటవీశాఖే బర్మాలో దానిని తన పనిముట్టుగా చేసుకున్నది. అక్కడ కరెన్ రైతులు అడవి నరికి, కాల్చి, పంట వేసే చెలకల్లోనే టేకు గింజలు నాటించే పద్ధతిని బ్రాండిస్ ప్రవేశపెట్టాడు. పంట రైతుది, పెరిగిన టేకు ప్రభుత్వానిది. దానికి 'టాంగ్యా' అనే బర్మా పేరే శాస్త్రంలో స్థిరపడింది. నిప్పు సంగతీ అంతే. అడవిలో నిప్పు పడనీయరాదన్నది తొలి అధికారుల మూలసూత్రం. కాని 1896లో స్లేడ్ అనే అధికారి, బర్మాలో నిప్పు కాపలా మితిమీరిందని 'ఇండియన్ ఫారెస్టర్'లోనే రాశాడు. నిప్పు సోకని తడి అడవుల్లో టేకు మొలకలకు చోటు దొరకటంలేదు. చర్చ సాగి, ఆ తరువాత పది పన్నెండేళ్ళలో ఆ అడవుల్లో కాపలాను సడలించక తప్పలేదు.

తన సూత్రాన్ని తన పుటల్లోనే ఖండించనివ్వటం ఆ పత్రిక గొప్పతనం. నిప్పును ఎప్పుడు, ఎక్కడ వాడాలో తరతరాలుగా ఎరిగిన రైతుకు ఆ చర్చలో స్థానం లేకపోవటం దాని పరిమితి. దిద్దుబాటు అధికారుల మధ్యనే జరిగింది. మన్యంలో కేసులు, జరిమానాలు మాత్రం ఆగలేదు. అడవి జనానికి చారిత్రక అన్యాయం జరిగిందని చట్టం తన పీఠికలో ఒప్పుకొనటానికి 2006 దాకా పట్టింది.

'ఇండియన్ ఫారెస్టర్' డెహ్రాడూన్ నుంచి ఇప్పటికీ వెలువడుతున్నది. కొత్త పత్రికలు స్థాపించేవారికి దాని చరిత్ర ఒక కర్తవ్యాన్ని సూచిస్తున్నది. పరిశోధన ఏ భాషలో అచ్చవుతున్నదో, ఎవరి నేలమీద జరిగిందో, ఆ నేలవారికి దాని ఫలితం తిరిగి చేరిందో లేదో సంపాదకులు మొదటి సంచిక నుంచే విచారించాలి. పోడు రైతును పరిశోధనా వస్తువుగా చూడటం ఇప్పటికి చాలా జరిగింది. ఆయన అభ్యంతరం కూడా ఆ పుటల్లో అచ్చుకావాలి.