రొయ్యల గుంటకు బెల్లం

ఆత్మకూరు ఎగువన సోమశిల ఆనకట్ట దాటిన పెన్నా నది సముద్రంలో కలిసే తీరంలో, 1990ల మొదట్లో టైగర్ రొయ్యల గుంటలు వెలిశాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ గుంటలకు గుంటలే ఊడ్చేసింది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. ఉప్పు తక్కువైన నీళ్లలో దానికి పొటాషియం, మెగ్నీషియం అందించాలి. గుల్ల విడిచిన రాత్రి రొయ్య ఒళ్లు మెత్తగా ఉంటుంది. కొత్త గుల్ల గట్టిపడటానికి నీటిలోంచే కాల్షియం లాక్కుంటుంది. ఈ ఖనిజాలు గుంటలో బస్తాల్లెక్కన పడతాయి.

గుంట నీటిలో అమ్మోనియా పెరిగితే తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి పులియబెట్టి చల్లుతారు. ఎంత చక్కటి ఉపాయం! ఆ తీపితో పెరిగే బాక్టీరియా అమ్మోనియాను వాడేసుకుంటుంది, ఆక్సిజన్‌నూ తోడేస్తుంది. అందుకే బెల్లం చల్లిన రాత్రి నీటికి గాలి అందించే ఏరియేటర్ ఆపకండి.