ఊపిరి వెల

చిన్నతనంలో మా ఊళ్ళో చేద జారి బావిలో పడితే ముందు పాతాళగరిగె వేసి వెతికేవారు. దానికి చిక్కకపోతే ఒక గజఈతగాణ్ణి పిలిపించేవారు. అతడు ఊపిరి బిగబట్టి మునగగానే, గట్టు మీద నిలుచున్న పిల్లలం మేమూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. మేము తాళలేక విడిచేసిన తరువాత కూడ అతడు పైకి వచ్చేవాడు కాడు. నీళ్ళు కదిలి తల కనబడేవరకు పెద్దలు సైతం మాట్లాడేవారు కారు.

బహామా దీవులలోని డీన్స్ బ్లూ హోల్ గురించి చదువుతుంటే నాకు ఆ నిశ్శబ్దమే గుర్తుకు వచ్చింది. లాంగ్ ఐలండ్ అనే దీవిలో, క్లారెన్స్ టౌన్ దాపున, ఒడ్డున మోకాటిలోతు నీళ్ళలో నాలుగడుగులు వేస్తే చాలు, ఇసుక హఠాత్తుగా తెగిపోయి ముదురు నీలంగా ఒక బిలం కనిపిస్తుంది. లోతు 202 మీటర్లు. మంచుయుగాలలో సముద్రమట్టం ఇప్పటికంటె వంద మీటర్లకు పైగా దిగువన ఉండేది. అప్పుడు వాననీరు సున్నపురాతిని కరిగించి గుహలు తొలిచింది, వాటి కప్పులు కూలాయి, తరువాత సముద్రం తిరిగి వచ్చి నింపింది. ఇటువంటి నీలిబిలాలు చాలావరకు ఈ విధంగా ఏర్పడినవే. ఒకప్పుడు దీనినే అన్నిటికంటె లోతైనదిగా చెప్పేవారు. 2016లో దక్షిణ చైనా సముద్రంలోని యోంగ్లె బిలాన్ని 300 మీటర్లుగా కొలిచారు. 2023లో మెక్సికోలోని తామ్ జా బిలంలో 420 మీటర్ల వరకు వెళ్ళినా పరికరానికి అడుగు తగలలేదు.

ఐనా ఒక్క ఊపిరితో మునిగే ఫ్రీడైవర్లకు డీన్స్ బ్లూ హోల్ యాత్రాస్థలం వంటిదే. అలలు లేవు, ప్రవాహం లేదు, ఒడ్డు పక్కనే పాతాళం. 2010 డిసెంబరు 16న న్యూజిలండ్‌కు చెందిన విలియమ్ ట్రూబ్రిడ్జ్, కాళ్ళకు రెక్కలు సైతం తొడుక్కోకుండా, కేవలం చేతులతో కాళ్ళతో ఈదుతూ ఇక్కడ 101 మీటర్లు దిగి నాలుగు నిముషాలకు కాస్త పైగా తిరిగి వచ్చాడు. ఆ లోతున ఒత్తిడి ఉపరితలం మీదకంటె పదకొండు రెట్లు. ఆరు లీటర్ల ఊపిరి అక్కడ అర లీటరు పైచిలుకుగా కుదించుకుపోతుంది. ఆ ఖాళీని పూరించడానికి శరీరం ఊపిరితిత్తుల నాళాలలోకి రక్తాన్ని తోస్తుంది. ఆ నాళాలు తాళలేకపోతే చిట్లుతాయి.

ఈ విజయగాథలు చదివినప్పుడు నాకొక సందేహం కలిగింది. ఈ దీవుల పాతవాళ్ళు ఎవరు? వాళ్ళు ఈ నీళ్ళలో మునగలేదా?

మునిగారు. వాళ్ళు లూకాయన్లు. ఆ పేరుకు వాళ్ళ భాషలో దీవులవాళ్ళు అని అర్థం. 1492 అక్టోబరులో కొలంబస్ ఫెర్నాండీనా అని పేరు పెట్టిన దీవి ఈ లాంగ్ ఐలండే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అక్కడి ఇళ్ళలో నూలు వలల వంటి పడకలు చూశానని అతడు తన దినచర్యలో రాసుకున్నాడు. తరువాత హిస్పానియోలా గనులలో కూలీలు చచ్చిపోతుంటే, 1509లో స్పెయిన్ రాజు ఈ దీవులవాళ్ళను పట్టితెచ్చుకోవడానికి అనుమతించాడు. చనిపోయిన మీ తల్లిదండ్రులు ఉన్న లోకానికి తీసుకుపోతామని నమ్మించి వాళ్ళను ఓడలు ఎక్కించారని పీటర్ మార్టిర్ రాశాడు.

వాళ్ళు గొప్ప మునకగాళ్ళని తెలియగానే వ్యాపారం మారింది. వెనెజులా తీరాన కుబాగ్వా అనే నీళ్ళులేని చిన్న దీవి చుట్టూ ముత్యపు చిప్పలు ఉన్నాయి. మొదట నాలుగు పెసోలకు అమ్ముడుపోయిన లూకాయన్ మనిషి ధర నూరు, నూటయాభై బంగారు పెసోలకు పెరిగిందని బర్తొలొమె దె లాస్ కాసాస్ లెక్క చెప్పాడు. 1552లో అచ్చయిన తన చిన్న పుస్తకంలో ఆ ముత్యాల పని గురించి కూడ అతడు రాశాడు. పొద్దు పొడిచింది మొదలు కుంకేవరకు మునగాలి, పైన కాస్త ఆగితే దెబ్బలు. ఉప్పునీటికి జుట్టు రంగు మారిపోయేది. ఊపిరి లేక రొమ్ము బిగుసుకుపోయి నోట రక్తం పడి చచ్చిపోయేవారు.

కొలంబస్ వచ్చిన ముప్పై ఏళ్ళకే బహామా దీవులు దాదాపు నిర్మానుష్యమయ్యాయి. ముత్యపు చిప్పలు కూడ 1530లలో అడుగంటాయి. కుబాగ్వా మీద వెలసిన నువేవా కాదీస్ పట్టణం 1541లో ప్రకృతి విపత్తుకు పాడుపడింది.

నోట రక్తం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 2013 నవంబరు 17న ఇదే డీన్స్ బ్లూ హోల్‌లో, పోటీలో 72 మీటర్లకు దిగిన అమెరికన్ నికొలస్ మెవోలి పైకి వచ్చి, స్పృహ తప్పి, మరణించాడు. ఊపిరితిత్తులు దెబ్బతినడమే కారణం. దిగేటప్పుడు 68 మీటర్ల దగ్గర అతడు ఒకసారి వెనుతిరిగి, మళ్ళీ మనసు మార్చుకుని కిందికి వెళ్ళాడు. ఒడ్డున వైద్యులు ఉన్నారు, నీళ్ళలో కాపలా ఈతగాళ్ళు ఉన్నారు. ఐనా బ్రతకలేదు. శరీరానికి 1513 ఐనా 2013 ఐనా ఒకటే.

కాని చరిత్రకు ఒకటి కాదు. మెవోలికి వెనుతిరిగే స్వేచ్ఛ ఉండింది, దానిని అతడు ఒక క్షణం వాడుకున్నాడు కూడ. లూకాయన్‌కు అది లేదు. నేటి మునకగాడు ఎన్ని మీటర్లు దిగాడో, ఎన్ని క్షణాలు ఉన్నాడో పేరుతో సహా నమోదు అవుతుంది. వందల ఏళ్ళ అనుభవం ఉన్న ఆ దీవులవాళ్ళలో ఎవరు ఎంత లోతు చూశారో ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళ ధర మాత్రం రాసిపెట్టారు.

ఇంత దూరం వచ్చాక మా ఊరి బావి గజఈతగాడి పేరు గుర్తు చేసుకోబోయాను. రాలేదు. ఒక చేద తీసినందుకు రెండు రూపాయలు ఇచ్చేవారన్నది మాత్రం స్పష్టంగా గుర్తుంది.