పెంకుల దిబ్బ మొదలు దీపస్తంభము దాక

మా అలెగ్జాండ్రియా రేవున ఉదయము ఓడ దిగి సాయంకాలమునకు మరల నెక్కవలసిన తెలుగు నావికులకు ఊరు చూపించు పని, నేనీ పట్టణమున కాపురముండిన యిన్ని యేండ్లలో, ఎవరును అప్పగింపకయే నాకు సంక్రమించినది. శ్రీకాకుళము జిల్లా సముద్రతీరపు పల్లెలవారు కొందరు, బందరు ప్రాంతమువారు కొందరు వత్తురు, వచ్చిన ప్రతివాడును బడిలో చదివిన ఏడు వింతలను తలచుకొని, "బాబాయిగారూ, ఆ దీపస్తంభం ఎక్కడండీ?" అని మొట్టమొదట నడుగును. నేను వారినక్కడికి చిట్టచివర తీసికొనిపోవుదును. ఈ నగరమున కంటికి కనబడునది స్వల్పము, నేలక్రిందను నీటిక్రిందను ఉన్నది విస్తారము. ముందుగా క్రిందికి చూచుట అలవడనిచో, సముద్రపుటొడ్డున నిలిచినవానికి ఒక కోటగోడ తప్ప మరేమియు కానరాదు.

క్రీ.పూ. 331లో అలెగ్జాండరు ఈ యిసుకతీరమున పట్టణము కట్టింపనెంచినప్పుడు, ముగ్గు పోయుటకు సున్నము దొరకక, సైనికుల కొరకు తెచ్చిన యవలపిండితో ప్రాకారమునకు గీతలు గీసిరనియు, అంతలో సరస్సు వైపునుండి పక్షులు గుంపులుగా వ్రాలి ఆ పిండినంతయు తినివేసెననియు, అది అపశకునమని రాజు కలతపడగా జోస్యులు, ఈ పట్టణము అనేక దేశములవారికి అన్నము పెట్టగలదని చెప్పి యూరడించిరనియు ప్రాచీనులు వ్రాసిరి. ముగ్గు పోసి యిల్లు కట్టు జాతివారమగుటచేత కాబోలు, మనవారికి ఈ కథ ఒక్కసారి చెప్పిన చాలును, మరవరు.

మా నడక కర్మూజు పేటలో ఆరంభమగును. అక్కడ అస్వానునుండి తెచ్చిన యెఱ్ఱరాతి స్తంభమొకటి, పీఠముతో కూడ ఇరువదియేడు మీటర్ల యెత్తున, ఏకాకిగా నిలిచియున్నది. దానిని పాంపే స్తంభమని లోకము పిలుచును గాని పాంపేకును దానికిని సంబంధము లేదు. అది డయోక్లీషను చక్రవర్తి పేర నిలిపినది. దాని చుట్టునుండిన సెరాపిస్ దేవుని మహాలయమును 391లో నేలమట్టము గావించిరి. ఆ స్తంభమునకు కూతవేటు దూరముననే కోమ్ ఎల్ షోకాఫా, అనగా పెంకుల దిబ్బ. 1900లో ఒక గాడిద కాలు దిగబడి గోతిలో పడుటచేత బయల్పడిన భూగర్భ శ్మశానమది. నడుమ బావివంటి గొయ్యి, దాని చుట్టును మెలికలు తిరుగుచు క్రిందికి దిగు మెట్లు. ఆ గొంతునుండియే శవములను త్రాళ్లతో దింపెడివారట. దిగిన పిమ్మట, చనిపోయినవారిని చూడవచ్చిన బంధువులు కూర్చుండి భుజించుటకు రాతిలో తొలిచిన అరుగులు గల గది యున్నది. తెచ్చుకొన్న పాత్రలను మరల ఇంటికి కొనిపోరాదని అక్కడనే పగులగొట్టుటచేత ఆ పెంకులు దిబ్బయైనవని చెప్పుదురు. కుండ పగులగొట్టి వెనుదిరిగి చూడక వచ్చు మనకు అది విపరీతముగ తోపదు. లోపలి ద్వారము చెంత నక్కతల గల అనూబిస్ దేవుడు రోమను సైనికుని కవచము తొడిగి నిలిచియుండును. ఈజిప్టు దేవత, రోము దుస్తులు, గ్రీకు పనితనము ఒక్క శిలయం దొదిగిన ఆ మూర్తి యెదుట నేనెన్నిసారులు నిలిచితినో చెప్పలేను. ఈ యూరి చరిత్రయంతయు నాకు అందులోనే కనిపించును. అట్టడుగు అంతస్తు చిరకాలము ఊటనీట మునిగియుండి, ఆ నీటిని తోడివేయు పని 2019లో ముగియుటచేత ఇప్పటికి ఊపిరి పీల్చుకొన్నది.

క్రిందటిమారు వచ్చినవారిలో బందరు ప్రాంతపు యువకుడొకడు ఆ మెట్ల మీద నిలిచి, "మా పక్క పాటిదిబ్బ లాగే ఉందండీ, వానకు కడిగితే అక్కడా ఎర్రపెంకులే తేలతాయి" అనెను. ఆ మాట విన్న నాటినుండి నేనెవరికిని ఆ చోటిని వేరొక రీతిగ వర్ణింపబోలేదు.

కోమ్ ఎల్ దిక్కాలోని చలువరాతి రంగశాలను చూపి, దాని సమీపమున వరుసగా బయల్పడిన పాఠశాలల గదులలో గురువు కొరకు ఎత్తుగా కట్టిన రాతిపీఠమును చూపి, సముద్రపుటొడ్డునకు వత్తుము. ప్రాచీన గ్రంథాలయము ఒక్కనాటి మంటలో బూడిదయయ్యెనని యాత్రికులకు చెప్పుట పరిపాటి. సీజరు కాలపు అగ్ని కొంత హరించియుండవచ్చును; కాని శతాబ్దముల తరబడి పోషణ తప్పి క్షీణించెననుటయే సత్యమునకు చేరువ. 2002లో తెరచిన నూతన గ్రంథాలయము, ఉదయించు సూర్యబింబమువలె ఏటవాలుగ ఒరిగిన గుండ్రని కప్పుతో, పాతదాని తావున కాకున్నను ఆ పొరుగుననే యున్నది. దాని లోపల వారిని కూర్చుండబెట్టి నేను చెప్పునది ఒక్కటే: రెండవ శతాబ్దమున ఈ యూరనే యుండి, ఖగోళమును లెక్కించిన టాలమీ, భూగోళమును గూర్చి వ్రాసిన గ్రంథమున, వర్తకులును నావికులును చెప్పగా విన్న రేవుల పేర్లలో మైసోలియా యను దేశమును, మైసోలస్ అను నదిని, కంటకోస్సిల యను వాణిజ్యపట్టణమును పేర్కొనెను. ఆ నది కృష్ణయనియు, ఆ పట్టణము నేటి ఘంటసాలయనియు పెక్కుమంది చరిత్రకారుల నిర్ణయము; ఘంటసాలలో దొరకిన ప్రాకృత శాసనములలో కంటకసోల యను పేరేకాక, శివకుడను మహానావికుని పేరును గలదు. మన సీమ సన్నని నూలుబట్టలు ఎఱ్ఱసముద్రపు రేవులలో దిగి, ఎడారి దాటి, నైలునదిపై పడవలనెక్కి ఈ పట్టణమునకే చేరుచుండెను. ఇచ్చట ప్రభుత్వము తీసికొనిన సుంకము నాలుగింట నొకపాలు.

తుదకు కోట. పూర్వము ఫారోస్ ఒక దీవి. దానికిని ఒడ్డునకును నడుమ కట్టిన కట్టకు ఇరుప్రక్కల ఇసుక మేటవేసి, నేడు దానిమీద మన్షియా మొదలైన పేటలు వెలసినవి. ఆ దీవి కొసను క్రీ.పూ. మూడవ శతాబ్దమున లేచిన దీపస్తంభము, క్రింద చతురస్రము, నడుమ అష్టకోణము, పైన వర్తులము, నూరు మీటర్లకు మించిన యెత్తు. పదునాలుగవ శతాబ్దపు భూకంపములకు కూలినది. ఇబన్ బతూతా మొదటిసారి వచ్చినప్పుడు ఒక ముఖము శిథిలమై యుండెననియు, రెండవసారికి లోపల అడుగిడుటకే వీలు లేకపోయెననియు వ్రాసెను. 1477లో సుల్తాను కైత్ బే ఆ పునాదిమీదనే యీ కోటను కట్టింప నారంభించెను. ద్వారబంధమున నిలిపిన యెఱ్ఱరాతి దూలములు దీపస్తంభమువేయని నమ్మకము. మిగిలిన బండలు వేలకొలది ఎదుటి నీటి అడుగున నున్నవని 1994 మొదలు మునిగి వెదకినవారు కనుగొనిరి. అలల తాకిడికి అడ్డుగా నేడు కోటచుట్టు సిమెంటు దిమ్మెలు పేర్చియున్నారు. సముద్రము ఏటేట పైకి వచ్చుచుండుట చూడ నాకు దుఃఖముగ నున్నది.

బందరు యువకుడు ఆ యెఱ్ఱరాతిమీద చేయి వేసి కొంతసేపు నిలిచెను. పిమ్మట జేబులోని కాగితము తీసి, "ఆయన మన రేవు పేరు ఎలా రాశాడో ఇంకోసారి చెప్పండి బాబాయిగారూ" అని యడిగి, కంటకోస్సిల అని అక్షరమక్షరము పలికించి వ్రాసికొనెను. ఓడ వేళ కావచ్చినందున, ఒకప్పుడు సముద్రముగ నుండిన బజారువీథి గుండ నడచి, పడమటి రేవు చేరితిమి.