పేదరికానికి కొలబద్ద ఏది?

పోయిన నెలలో మీ ఇంట్లో ఎన్ని కిలోల పప్పు వండారు? నూనెకు ఎంత ఖర్చయింది? వెంటనే చెప్పలేరు కదూ! మన దేశంలో పేదల లెక్కలు చాలావరకు ఇలాంటి ప్రశ్నలకు వచ్చే జవాబుల మీదే ఆధారపడి ఉన్నాయి.

1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే చాలాకాలం 30 రోజుల ఖర్చును గుర్తుచేసుకొని చెప్పమనేది. పల్లెలో మనిషికి రోజుకు 2400, పట్టణంలో 2100 కేలరీలు అందే ఖర్చుస్థాయిని దారిద్ర్యరేఖగా 1979లో ప్రణాళికా సంఘపు నిపుణులు నిర్ణయించారు. 1973-74 ధరల్లో అది పల్లెలో నెలకు 49 రూపాయల 9 పైసలు.

1990వ దశకంలో ప్రయోగాత్మకంగా కొన్ని కుటుంబాలను 7 రోజుల ఆహార ఖర్చు మాత్రమే అడిగారు. చెప్పిన ఖర్చు పెరిగింది. ఆ లెక్కన పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది! నిజానికి ఒక్క కంచంలోనూ మెతుకు పెరగలేదు.

రేఖను మార్చినా ఇదే తంతు. 2011-12 సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో పేదలు టెండూల్కర్ సంఘం పద్ధతిలో 39.9 శాతం. అదే సంవత్సరానికి రంగరాజన్ సంఘం 2014లో వేసిన లెక్కలో 47.9 శాతం. రాయ్‌పూర్ బస్తీలోని ఒకే ఇల్లు ఒక లెక్కలో గీతకు పైన, మరో లెక్కలో కింద ఉండవచ్చు.

మరి ఆ బస్తీలో చిన్న అప్పులిచ్చే సంస్థ, తాను చేరుతున్నది నిరుపేదలనేనని ఎలా తేల్చుకోవాలి? 2005 నాటికి 10 కోట్ల నిరుపేద కుటుంబాలకు రుణాలందాలని 1997లో వాషింగ్టన్ సూక్ష్మరుణ సదస్సు లక్ష్యం పెట్టుకోవడంతో ఈ ప్రశ్న ముందుకొచ్చింది. ఇంటింటా ఖర్చుల సర్వే జరపడం అలాంటి సంస్థలకు మోయలేని భారం. అందుకే ఆర్థికవేత్త మార్క్ ష్రైనర్ పది ప్రశ్నల కార్డు రూపొందించారు. పిల్లలెందరు? వంట దేనిమీద? ప్రెషర్ కుక్కర్ ఉందా? ఫ్యాన్ ఉందా? జాతీయ సర్వేలో పేదరికంతో గట్టిగా ముడిపడిన గుర్తులివి. ఒక్కో జవాబుకు కొన్ని మార్కులు. మొత్తం మార్కులను బట్టి ఆ కుటుంబం పేదది కావడానికి ఎంత అవకాశముందో తెలుస్తుంది. ఖాతాదారులందరి సగటు తీస్తే వారిలో పేదల శాతం వస్తుంది. గుంపుకు ఇది పనికొచ్చే అంచనాయే. ఒక్క ఇంటికి తీర్పు మాత్రం కాదు.

పైగా కుక్కరును అప్పుచేసి కొన్నా మార్కు పడుతుంది! ఈ కార్డు అప్పుల బరువును తూచదు. వసూళ్ల వేధింపులపై ఆందోళన చెలరేగి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఇకపై పేదల శాతం ఎక్కడ కనిపించినా రెండు ప్రశ్నలు వేయండి: ఏ గీతతో కొలిచారు? ఎన్ని రోజుల ఖర్చు అడిగారు?