రెక్క ఊపులో ఉన్న లెక్క

గాలిలో విమానం రెక్క వణకడం మామూలే. ఆ వణుకు సద్దుమణగక గాలి నుంచే బలం పుంజుకుంటే మాత్రం రెక్క క్షణాల్లో విరగవచ్చు. దీన్నే ఫ్లట్టర్ అంటారు. 1916లో హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక విపరీతంగా ఊగింది. ఇంజనీరు లాంచెస్టర్ పరిశీలించి, తోకలో విడివిడిగా కదులుతున్న రెండు ఎలివేటర్లను గట్టి గొట్టంతో కలపమన్నాడు. 1935లో జర్మనీలో ఫాన్ ష్లిప్పే ఎగిరే విమానాన్నే ఊపుతూ, మెట్టుమెట్టుగా వేగం పెంచి కొలిచే పద్ధతి తెచ్చాడు. 1938లో యుంకర్స్ 90 విమానం ఇలాంటి పరీక్షలోనే కూలింది. గాలిలో నేర్చుకునే చదువు ఖరీదైనది. నేల మీది కంపన పరీక్షకు విలువ అందుకే.

ఈ పరీక్షలో విమానాన్ని మెత్తని స్ప్రింగుల మీదో, గాలి తగ్గించిన టైర్ల మీదో నిలుపుతారు. షేకర్లతో ఊపి, ఏ పౌనఃపున్యం వద్ద రెక్క వంగుతోందో, ఎక్కడ మెలితిరుగుతోందో, ఊపు ఆపాక ఎంతసేపటికి నిమ్మళిస్తోందో చూస్తారు. గాలిలో వేగం పెరిగేకొద్దీ వంపు, మెలిక ఒకే పౌనఃపున్యానికి చేరువైతే ప్రమాదమే.

అల్యూమినియం ఏ దిక్కున లాగినా ఒకే తీరు. కార్బన్ పోగుల పొరలు (కాంపోజిట్) అలా కాదు, పోగు పరచిన కోణాన్ని బట్టి బిగువు మారుతుంది, దాంతో కంపనమూ మారుతుంది. కాగితం మీది లెక్కను పరీక్షతో సరిచూడక తప్పదు. పైగా పొరలు లోపల విడివడినా పైకి కనబడదు. నర్సంపేట వైపు అంగళ్లలో కుండను వేలితో కొట్టి విని కొంటారు. కాంపోజిట్ భాగాలను నాణెంతో తట్టి చూసే పరీక్షదీ అదే తెలివి.

ఇక మన దేశానికి వస్తే, లోహాల అలసటపై పరిశోధించిన సీతారామ్‌రావు వల్లూరి 1965 నుంచి 1984 దాకా బెంగళూరు నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీ (నాల్)‌కు డైరెక్టరు. 1984లో ఏర్పడిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ (ఏడీఏ)కు తొలి సారథీ ఆయనే. ఆ సంస్థ చేపట్టిన తేలికపాటి యుద్ధవిమానం రూపకల్పనకు బరంపురంలో పుట్టిన తెలుగువాడు కోట హరినారాయణ నాయకత్వం వహించారు. ఆ విమానం నిర్మాణం బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే. రెక్క కార్బన్ పోగులది.

1995 నవంబరు 17న బయటికి వచ్చిన ఆ విమానం ఎగరడానికి అయిదేళ్లు దాటింది. నియంత్రణ వ్యవస్థ పరీక్షలు సాగుతుండగా 1998 అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు అడ్డుపడ్డాయి. 2001 జనవరి 4న రాజీవ్ కొఠియాల్ నడపగా అది తొలిసారి ఎగిరింది. ఆపైన వేగం మెట్టుమెట్టుగానే పెంచుతూ వచ్చారు; 2003లో తేజస్ అని పేరు పెట్టారు. ఆ ఏడాది ఆగస్టు 1న అది ధ్వని వేగాన్ని దాటింది.