ముహూర్తం లేని శుభలేఖ

మాఘమాసం. తెనాలిలో సాయంత్రం ఆరు దాటింది. వీధి చివర కల్యాణ మండపంలో సన్నాయి అందుకున్నారు. మీరు వరండాలో మావయ్య పక్కన కూర్చున్నారు. ఆయన ఫోన్ టింగుమంది. వాట్సాప్‌లో ఒక పేరు, ఫొటో. ఆయనతో ఒకే బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన స్నేహితుడిది. ‘మా ఇంట పెళ్లి. తప్పక రావాలి. శుభలేఖ చూడండి.’ కింద ఒక ఫైలు.

‘‘మనవరాలికి సంబంధం కుదిరిందన్నమాట! ఒక్క మాటైనా చెప్పలేదు చూడు’’ అంటూనే మావయ్య బొటనవేలు ఆ ఫైలు మీదికి వెళ్లింది.

‘‘ఆగండి మావయ్యా.’’

ఫోన్ మీ చేతిలోకి తీసుకున్నారు. నొక్కకుండా చూస్తున్నారు. ఫైలు పేరు చివర ఒక చుక్క, ఆ తర్వాత ఏ, పీ, కే అని మూడు ఇంగ్లిషు అక్షరాలు. పత్రిక ఫొటో అయితే జేపీజీ అని, అచ్చుకు సిద్ధం చేసిన కాగితమైతే పీడీఎఫ్ అని ఉంటుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి ఎక్కే యాప్. శుభలేఖ చదువుకోవడానికి యాప్ ఎందుకు? మళ్లీ పైకి చూశారు. వధువు పేరు లేదు, వరుడి పేరు లేదు, ముహూర్తం లేదు, వేదిక లేదు. పెళ్లికి పిలిచేవాళ్లు ముందు చెప్పేవే ఇందులో లేవు.

‘‘వాడి నంబరు నుంచే వచ్చింది కదా నాన్నా!’’

మావయ్య నమ్మింది ఆ నంబరునే. ఇలాంటి యాప్ ఒక ఫోన్‌లో దిగితే, అందులోని పరిచయస్తులందరికీ అదే ఫైలు వెళ్లగలదు. పంపినట్టు ఆ మనిషికి తెలియను కూడా తెలియదు.

‘‘ఒకసారి ఆయనకు ఫోన్ చేయండి. వాట్సాప్‌లో కాదు, మామూలు కాల్.’’

చాలాసేపు మోగాక ఎత్తారు. గొంతు నీరసంగా ఉంది. ‘‘నువ్వు కూడా నొక్కావేమిట్రా? పొద్దున నాకూ ఇలాగే వచ్చింది. నొక్కితే పత్రికా లేదు, ఏమీ లేదు. మధ్యాహ్నం నుంచి ఎవరి పెళ్లని అందరూ ఒకటే ఫోన్లు.’’

మీరు స్పీకర్ నొక్కి అడుగుతున్నారు. ‘‘మాస్టారూ, నొక్కాక ఫోన్ ఏమైనా అడిగిందా?’’

‘‘ఇది ప్రమాదం కావచ్చని ఏదో వచ్చింది బాబూ. పత్రిక చూడాలన్న తొందరలో సరే అన్నాను. మెసేజీలు చదవనిస్తావా అంది. దానికీ సరే అన్నాను.’’

‘‘డబ్బేమైనా పోయిందా?’’

కాసేపు మాట లేదు. ‘‘ఏటీఎంకి వెళ్తే తెలిసింది. పెన్షన్ ఖాతాలోంచి రెండుసార్లు తీశారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఊరందరికీ చదువు చెప్పినవాణ్ణి, ఏం ముఖం పెట్టుకుని చెప్పను?’’

ఆ రెండో ‘సరే’తోనే బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు దొంగ కంట పడ్డాయి. కానీ పొద్దుటి నుంచి ఇప్పటిదాకా దొంగకు దొరికిన సమయం మాత్రం మాస్టారి సిగ్గు ఇచ్చింది.

‘‘ఈ కాల్ పెట్టేయగానే ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆపేయండి. అమ్మగారి ఫోన్ నుంచి 1930కి చేయండి. ఆ వెంటనే, ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు చేసి ఖాతా ఆపించండి. ఫోన్‌ను పూర్తిగా శుభ్రం చేయించేదాకా అందులో బ్యాంకు పనులేవీ వద్దు.’’

1930 దేశమంతటికీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. కొట్టేసిన డబ్బు ఒక ఖాతాలో నిలవదు, నిమిషాల్లో చేతులు మారుతుంది. ఫిర్యాదు అందితే ఆ డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది. అక్కడ ఇంకా మిగిలి ఉన్నది ఆపగలుగుతారు. ఖాతాదారు పొరపాటు ఉన్నా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది. అందుకే ఇక్కడ ప్రతి నిమిషమూ డబ్బే.

మాస్టారు ఫోన్ పెట్టేశారు. మావయ్య తన ఫోన్‌లోని పాత మెసేజీలు ఒక్కొక్కటే మీ ముందు పెడుతున్నారు. ‘ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు చేయండి’ అని ఒకటి. వచ్చింది ఎవరిదో పదంకెల మొబైల్ నంబరు నుంచి. ‘మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రసు సరిచేయండి’ అని లింకుతో ఇంకొకటి. మావయ్య అసలు ఏదీ తెప్పించలేదు. ‘మీ ఖాతా ఆగిపోతుంది’ అని బ్యాంకు పేరుతో మరొకటి. 2025 అక్టోబరు చివరికల్లా బ్యాంకుల నెట్ బ్యాంకింగ్ సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ లింకు చివర ఆ మాటలు లేవు.

‘‘అన్నిట్లోనూ తొందరే కనిపిస్తోంది’’ అన్నారు మావయ్య.

నిజమే. కరెంటు బిల్లు సంగతి ఆ సంస్థ యాప్‌లో చూసుకోవచ్చు. ట్రాఫిక్ చలాన్ కట్టమని మెసేజ్ వస్తే, అది నిజంగా ఉందో లేదో పోలీసుల సైట్‌లోనే వెతకొచ్చు. వచ్చిన లింకు నుంచి కాకుండా, మనకు తెలిసిన దారిన వెళ్లి చూసుకుంటే సరిపోతుంది. అలాగే, యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే అది మన ఖాతాలోంచి వెళ్లడానికే.

ఫోన్ మోగింది. మాస్టారి భార్య నంబరు. మాట్లాడింది మాస్టారే. ‘‘ఫిర్యాదు నంబరు ఇచ్చారు బాబూ. బ్యాంకు వాళ్లు ఖాతా ఆపారు. డబ్బు సంగతి తర్వాత తెలుస్తుందట. ఆవిడకు చెప్పేశాను. పొద్దున్నే చెప్పాల్సింది.’’

మావయ్య వెంటనే బంధువుల గ్రూపులో రాస్తున్నారు: ‘శుభలేఖ అని ఏపీకే ఫైలు వస్తే తెరవకండి. తెరిచినవాళ్లుంటే నాకు చెప్పండి, ఎవరూ ఏమీ అనరు.’

రెండో వాక్యం మొదటిదానికంటే ముఖ్యం. తొందర వల్ల దొంగ లోపలికి వస్తాడు, మౌనం వల్ల తీరిగ్గా దోచుకుని వెళ్తాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు, పిల్లలు, చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు ఎవరైనా పొరబడవచ్చు. వాళ్లు వచ్చి చెప్పినప్పుడు ‘ఎందుకు నొక్కావు?’ అని నిలదీయకండి. ‘1930కి చేశావా?’ అని అడగండి. లేదంటే మీరే చేయండి.